ఇవి నీ పళ్లు కావు

జనవరి 9

ప్రియమైన నాన్నకి,

ఫోనులో అమ్మకి చెప్పిన సంగతే నీకూ రాస్తున్నాను. అమ్మ నీ చెవి దగ్గర అరిచి చెప్పేసరికి అందులో సగం తన కోపం కలిసిపోయి ఉంటుంది. ముప్పై ఏళ్లుగా కట్టుడు పళ్లు అరగదీసే ఆ మిషను పక్కన కూర్చుని చెవులు పోగొట్టుకున్నావు కానీ, కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి కదా. చదువు.

అవును, నేను పచ్చి తిండికి మారాను. నాలుగు నెలలైంది. పొయ్యి ఎక్కిన వస్తువేదీ ముట్టడం లేదు. పాలు, జున్ను, గుడ్డు, తేనె కూడా మానేశాను. పండ్లు, ఆకులు, మొలకలు, నానబెట్టిన గింజలు, ఖర్జూరాలు, ఇదే తిండి. నా గదిలో ఉండే ఫ్లూట్ పిల్ల రెండేళ్లుగా ఇలాగే తింటోంది, ఆమెను చూసే మొదలుపెట్టాను. క్లారినెట్ ఎత్తబోయే ముందు నాకు కడుపులో మంట లేచేది, గుర్తుందా? ఇప్పుడది లేదు. ఊపిరి కూడా మునుపటికంటే ఎక్కువసేపు నిలుస్తోంది.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. పళ్లు బాగానే ఉన్నాయి. మనింటి రూలు ఒక్కరోజు కూడా తప్పలేదు. నోట్లో ముక్క గొంతు దిగిన మరుక్షణం బ్రష్ చేతిలో ఉంటుంది. రోజుకి ఆరుసార్లు తింటే ఆరుసార్లూ తోముకుంటున్నాను. రిహార్సల్ గదిలో నా సంచీలో క్లారినెట్ మూతికి బిగించే రెల్లు రీడ్లకంటే ముందు బ్రష్ కనబడుతుందని అందరూ ఏడిపిస్తున్నారు.

ఏప్రిల్ పన్నెండున నాటకశాల వాద్యబృందానికి ఎంపిక. ఇన్నాళ్లూ ఎవరైనా రానిరోజు ఆ క్లారినెట్ కుర్చీలో కూర్చున్నాను. ఈసారి ఆ కుర్చీ నాదే కావాలి.

ఇప్పుడే ఒక నారింజ తిన్నాను. తోముకోవాలి, ఉంటాను.

నీ పాలపన్ను


జనవరి 17

నా పాలపన్నుకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి మామూలుగా, రెండోసారి కళ్లజోడు తుడుచుకుని, మూడోసారి మీ అమ్మకి వినిపిస్తూ. ‘అయితే ఇంటికొచ్చినప్పుడు నన్ను పొయ్యి ఆర్పేయమంటుందా’ అని ఒక్కమాట అడిగి తన పనిలోకి వెళ్లిపోయింది. ఆమెకి బెంగ లేదు. ఉన్న బెంగంతా నా వాటాకే వచ్చింది.

నేను డాక్టర్ని కాను తల్లీ. పక్క గదిలో డాక్టరుగారు నోళ్లు చూస్తారు, ఆ నోళ్ల అచ్చులు కిటికీలోంచి నా బల్ల మీదికి వస్తాయి, నేను పళ్లు కడతాను. మనుషుల్ని చూడను, అచ్చుల్నే చూస్తాను. పోయిన వారం ఒకటి వచ్చింది. పంటి అంచులు గాజుపెంకులా పల్చబడి ఉన్నాయి. ఏ ముసలాయనదో అనుకుని చీటీ చూస్తే ఇరవై ఎనిమిదేళ్లు. రోజంతా నిమ్మనీళ్లు తాగే అలవాటట. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. నీ ఉత్తరం వచ్చాక అసలు దిగడం లేదు.

నీకు తెలిసిన కథే మళ్లీ చెబుతాను, విసుక్కోకు. మీ అమ్మకి ముప్పై నాలుగేళ్లకే పై వరస మొత్తం పోయింది. నీకప్పుడు ఆరేళ్లు. ఆ కట్టుడు పళ్ల సెట్టు చేసింది నేనే. ఎవరికైనా నాలుగు రోజుల పని, ఆమెకి నలభై రోజులు పట్టింది. ఒక్కో పన్నూ మైనంలో నిలబెడుతూ, ఇది ఆమె నవ్వితే ఎంత కనబడేదని గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది. ఈ ఇంట్లో ఇంకో మనిషికి నా చేత్తో పళ్లు కట్టనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. తిన్న వెంటనే తోముకోవాలన్న రూలు కూడా అప్పుడు పెట్టిందే.

నీ ఏడో పుట్టినరోజు నుంచి ఇరవై నాలుగో పుట్టినరోజు దాకా ఏటా ఒక అచ్చు తీశాను. పద్దెనిమిది ప్లాస్టర్ నోళ్లు నా బల్ల మీది అరలో వరసగా ఉన్నాయి. నువ్వు ఊరు మారాక రెండేళ్లవి లేవు. అందుకే డబ్బాలో అచ్చు తీసే నీలం ముద్ద, తెల్ల ముద్ద, ట్రేలు పంపుతున్నాను, ఒకసారి చెడితే మళ్లీ తీసుకునేలా రెండేసి. రెండూ సమంగా కలిపి పిసికి, ట్రేలో నింపి, నాలుగు నిమిషాలు కదలకుండా కొరికి పట్టుకో. పైదీ కిందదీ పంపు. ఆ ముద్ద గట్టిపడ్డాక దారిలో చెడదు.

నీకు ఎంపిక ఎంత ముఖ్యమో నాకు తెలియదనుకోకు. క్లారినెట్ ఆనేది పై ముందు పళ్ల మీదే కదా. అవి లేకపోతే ఊపిరి ఎంత నిలిచి ఏం లాభం?

నీ నాన్న


ఫిబ్రవరి 2

ప్రియమైన నాన్నకి,

డబ్బా అందింది. ఒక్క పూట తీరిక దొరికితే అచ్చు తీసి పంపుతాను. రిహార్సళ్లతో ఊపిరాడటం లేదు.

గాజుపెంకులాంటి పళ్లని రాసి నన్ను భయపెట్టావు. నేను నిమ్మనీళ్ల సీసా పట్టుకు తిరిగేమాట నిజమే, అయినా వెంటనే తోముకుంటున్నాను కదా. నీ ఉత్తరం వచ్చాక ఇంకోసారి కలిపి ఏడుసార్లు చేశాను. గట్టి కుచ్చు ఉన్న బ్రష్ కొన్నాను, సందుల్లో ఇరుక్కున్న ఖర్జూరం ముక్క కూడా మిగలకుండా. కాల్షియానికి నువ్వులు నములుతున్నాను. ఇంక నీకు కావలసిందేముంది?

చల్లటి నీళ్లు తాగితే కాస్త జివ్వుమంటోంది, అంతే. చలికాలం కదా.

తోముకోవాలి, ఉంటాను.

నీ పాలపన్ను


ఫిబ్రవరి 15

నా పాలపన్నుకి,

నీ ఉత్తరంలో నాకు ఒక్క మాటే కనబడింది. జివ్వుమంటోందని రాశావు.

చలికాలానికీ దానికీ సంబంధం లేదు. చల్లదనం లోపలికి తగులుతోందంటే పైపొర ఎక్కడో పల్చబడిందన్నమాట. ఏ పన్ను? ఎడమా, కుడా? పైనా, కిందా? క్లారినెట్ నోట్లో పెట్టుకున్నప్పుడు అదురు తెలుస్తోందా? నేను కాగితం మీద ఇన్ని ప్రశ్నలు రాయడం చూసి మీ అమ్మ, ‘పోలీసు కాబోయి పళ్లు కట్టేవారయ్యారు’ అంది. అననీ.

అచ్చు ఎందుకు రాలేదు? నాలుగు నిమిషాల పని. నీకు తీరిక లేదా, ధైర్యం లేదా? ధైర్యం లేకపోతే చెప్పు, నేనే వస్తాను. డాక్టరుగారిని మూడు రోజులు సెలవు అడిగి పెట్టాను.

ఆ తిండి మానెయ్ తల్లీ. ఎంపిక అయ్యేదాకా మానెయ్. తర్వాత నీ ఇష్టం.

నీ నాన్న


మార్చి 1

ప్రియమైన నాన్నకి,

నువ్వు రానక్కర్లేదు. అచ్చులు ఇదే డబ్బాలో ఉన్నాయి. నాలుగు నిమిషాలు కాదు, గడియారం చూసి అయిదు నిమిషాలు పట్టుకున్నాను. ట్రే తీసేటప్పుడు దవడ ఊడొస్తుందేమో అనిపించింది.

ప్లాస్టర్ పోసి చూసుకో. నీ కంటికి వంక దొరికితే చెప్పు. దొరక్కపోతే మాత్రం, నా తిండి గురించి ఏప్రిల్ దాకా ఒక్క మాట కూడా రాయనని ఒప్పుకోవాలి. పరీక్షకి ముందు నాకు నీ బెంగ కూడా మొయ్యడం కష్టంగా ఉంది నాన్నా. రీడు పెట్టుకుంటే పాట గుర్తుకు రావాలి, నీ మొహం గుర్తుకు రాకూడదు.

అమ్మకి ముద్దులు. తోముకోవాలి.

నీ పాలపన్ను


మార్చి 9

నా పాలపన్నుకి,

ప్లాస్టర్ పోశాను. గట్టిపడ్డాక ముద్ద విప్పాను. కిటికీ వెలుగులో పెట్టి చూశాను. అంచులు నిండుగా ఉన్నాయి, ఎక్కడా గాడి లేదు, దవడ పళ్ల మీద గుంతలు పుట్టినప్పటంత స్పష్టంగా ఉన్నాయి. ఇవి చాలా మంచి పళ్లు.

ఇవి నీ పళ్లు కావు.

నీ కింది వరసలో ఎడమవైపు రెండో పన్ను పక్కదాని వెనక్కి కాస్త ఒదిగి ఉంటుంది. అది వచ్చేటప్పుడు చోటు చాలక అలా తిరిగింది, నీకప్పుడు ఎనిమిదేళ్లు. ఈ నోట్లో అది సైనికుడిలా నిలబడి ఉంది. పై ముందు పళ్ల మధ్య నీకు చీటీ కాగితం దూరేంత సందు ఉంటుంది. దీనికి లేదు. పద్దెనిమిది అచ్చులు పక్కన పెట్టి చూడనక్కర్లేకపోయింది, అయినా పెట్టి చూశాను. నా కళ్లే తప్పు చెబుతున్నాయేమో అన్న ఆశతో చూశాను.

నాకు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. పని పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుండిపోయాను. తన పళ్లు దాచి ఇంకొకరి పళ్లు పంపేంత పని చేసిందంటే, దాని నోట్లో ఏముందో అని. మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. మధ్యాహ్నం భోజనం దగ్గర ఆమె సెట్టు సర్దుకుంటుంటే చూడలేక లేచి వచ్చేశాను.

ఎవరి పళ్లివి? నీవి ఎలా ఉన్నాయి? నిజం రాయి. ఎంత చెడ్డదైనా నిజమే రాయి. నేను చూడలేని నోరంటూ లేదు ఈ లోకంలో, నీది తప్ప. నీదైనా చూస్తాను.

నీ నాన్న


మార్చి 14

ప్రియమైన నాన్నకి,

ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియడం లేదు. అయినా రాస్తున్నాను.

అవి ఫ్లూట్ పిల్లవి. ఆమె ఒప్పుకోలేదు, నేనే బతిమాలాను. ‘మీ నాన్నగారు కనిపెట్టేస్తారు’ అని ట్రే నోట్లో పెట్టుకునే ముందు కూడా అంది. కొన్ని వందల నోళ్లు చూసే మనిషికి నాదొక్కటీ ఎలా గుర్తుంటుందిలే అనుకున్నాను. ఇలా అనుకున్నందుకే ఎక్కువ సిగ్గుగా ఉంది.

నిజం ఇది. చల్లనివే కాదు, తియ్యనివి కూడా జివ్వుమంటున్నాయి. పళ్ల మొదట్లో, చిగురు పక్కన, గోరు పెడితే ఆగుతోంది. జనవరి చివర్లో పై ముందు పన్ను మూల చిన్న ముక్క ఊడింది. ఏదో గింజ కొరికినప్పుడు కాదు, మెత్తటి అంజూరం తింటుంటే. ఆ ముక్కని ఒక రీడు డబ్బాలో దాచిపెట్టాను. క్లారినెట్ ఆనించగానే అదురు తలలోకి పోతోంది. క్లారినెట్ మూతికి రబ్బరు ముక్క అంటించుకుని వాయిస్తున్నాను, పక్కన కూర్చున్నవాళ్లకి తెలియకుండా. ఇక్కడ పళ్ల డాక్టరమ్మ గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లాను. లోపలికెళితే పీకాలంటుందేమోనని వెనక్కి వచ్చేశాను. నాకు అమ్మ గుర్తొస్తోంది నాన్నా. అమ్మ సెట్టు తీసి గ్లాసులో వేసేటప్పుడు చిన్నప్పుడు నేను కళ్లు మూసుకునేదాన్ని. నువ్వు చూశావో లేదో.

నాకు అర్థం కానిది ఒకటే. ఫ్లూట్ పిల్లది ఇదే తిండి. అదీ రెండేళ్ల నుంచి. పైగా అంత బద్ధకస్తురాలు ఇంకొకరుండరు. రెండు పూటలు కూర్చుని తిని లేస్తుంది, తిన్నాక గుక్కెడు నీళ్లు పుక్కిలించి ఊరుకుంటుంది. పొద్దున లేచాక ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, అదీ కళ్లు మూసుకుని తోముకుంటుంది. నేను ఏడుసార్లు తోముకుంటాను. ఆమెకి ఆ పళ్లు, నాకు ఈ పళ్లు. ఇదెక్కడి న్యాయం?

ఈసారి డబ్బాలో ఉన్నవి నావే. ఆ ఒదిగిన పన్ను చూసుకో.

నీ పాలపన్ను


మార్చి 23

నా పాలపన్నుకి,

నీ అచ్చు వచ్చింది. ఒదిగిన పన్ను ఉంది. దాన్ని చూడగానే ముందు ప్రాణం లేచొచ్చింది, తర్వాత మిగతావి చూశాను.

పీకాల్సినంత లేదు. ఈ మాట ముందు రాస్తున్నాను, మిగతాది నెమ్మదిగా చదువు.

అంచులు పల్చబడ్డాయి. అది నీ నిమ్మనీళ్ల పని, రోజంతా ఏదో ఒక పండు కొరుకుతూ ఉండటం వల్ల వచ్చింది. దాని గురించి నేను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. కానీ చిగురు పక్కన గాడి ఉందే, అది వేరు. ఎడమవైపు లోతుగా ఉంది, కుడివైపు తక్కువ. పండు రసానికి ఎడమా కుడీ తెలియదు. కుడిచేత్తో గట్టిగా తోముకునేవాళ్లకే ఎడమవైపు ఎక్కువ అరుగుతుంది.

ఆ అమ్మాయి అచ్చు పారెయ్యకుండా ఉంచాను. నీదాని పక్కన పెట్టాను. ఒకే గది, ఒకే తిండి. ఒకరు రోజుకి రెండుసార్లు తోముకుంటారు, ఒకరు ఏడుసార్లు. రెండూ పట్టుకుని పక్క గదిలోకి వెళ్లి డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు. పుల్లటిది తిన్నాక పంటి పైపొర కాసేపు మెత్తగా ఉంటుందట. వదిలేస్తే ఉమ్మి తగిలి మళ్లీ గట్టిపడుతుంది. ఆ కాసేపట్లోనే బ్రష్ పెడితే మెత్తబడ్డది బ్రష్‌తోపాటే పోతుంది. ‘తిన్న వెంటనే తోముకోమని ఈ పిల్లకి ఎవరు చెప్పారండీ’ అని అడిగారు.

రెండు అచ్చులూ తీసుకుని బయటికి వచ్చేశాను.

మెత్తటి మైనాన్ని గీరితే ఏమవుతుందో నాకు తెలియనిదా? రోజూ చేసే పని. ఇన్నాళ్లూ నీ తిండిని తిట్టాను. నీ నోరు పాడుచేసింది సగం ఆ తిండి, సగం నేను. నువ్వు మామూలు భోజనం చేసినన్నాళ్లూ నా రూలు అంతగా నష్టం చెయ్యలేదు. పండ్లకి మారాక అదే కత్తి అయింది. నేను భయపెట్టినకొద్దీ నువ్వు ఇంకా ఎక్కువ తోమావు. గట్టి బ్రష్ కొన్నావు. నా ఉత్తరాలే నీ పళ్ల మీద పడ్డాయి తల్లీ.

మీ అమ్మకి అంతా చెప్పాను. అంతా విని ఇలా అంది. ‘నా పళ్లు పోయింది తోముకోక. దాని పళ్లు పోతున్నది మీ మాట విని. ఇద్దరికీ ఒకే మందు ఎలా వేశారు?’

ఇప్పుడు చెయ్యవలసింది రాస్తాను. ఇవి నా మాటలు కావు, డాక్టరుగారివి, కనుక నమ్మవచ్చు. పండ్లు రోజంతా కాకుండా భోజనంతో కలిపి ఒక్కసారే తిను. నిమ్మనీళ్ల సీసా ఇంట్లో వదిలెయ్. తిన్నాక మంచినీళ్లు పుక్కిలించి, గంటసేపు బ్రష్ ముట్టుకోకు. మెత్తటి బ్రష్ కొనుక్కో, రోజుకి రెండుసార్లు చాలు. ఖర్జూరాలు విడిగా చప్పరించకు, చివర్లో ఆకులు, నువ్వులు నములు. కాల్షియం, విటమిన్ బి పన్నెండు ఎంత ఉన్నాయో రక్తపరీక్ష చేయించుకో, ఈ తిండిలో బి పన్నెండు దొరకదట, మాత్ర వేసుకోక తప్పదు. డాక్టరమ్మ దగ్గరికి ఈ వారమే వెళ్లు. గాడులు పూడ్చి, ఊడిన మూల కడుతుంది. అరిగింది మళ్లీ రాదు, నీకు అబద్ధం చెప్పను. మిగిలింది నిలుస్తుంది.

తిండి మానెయ్యమని అడగను. అడిగే అర్హత ప్రస్తుతానికి లేదు.

ఇంకొక సంగతి. నిన్న నా నోటి అచ్చు నేనే తీసుకున్నాను. ఇరవై ఏళ్లుగా నేనూ ఆ రూలులోనే ఉన్నాను కదా. అవే గాడులు, నీకంటే లోతు. రోజూ ఊరందరి పళ్లూ చూస్తూ నావి ఎప్పుడూ చూసుకోలేదు. తిన్నాక చెయ్యి దానంతటదే బ్రష్ మీదికి పోతోంది, మీ అమ్మ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ గంట ఎలా గడపాలో తెలియక ఇల్లంతా తిరుగుతున్నాను.

నీ నాన్న


ఏప్రిల్ 20

ప్రియమైన నాన్నకి,

ముందు నువ్వు అడగబోయేవాటికి జవాబులు. డాక్టరమ్మ పీకలేదు. నాలుగు గాడులు పూడ్చింది, మూల కట్టింది. నేను దాచిన ముక్క చూపిస్తే నవ్వి, గుర్తుగా ఉంచుకోమంది. రక్తపరీక్షలో బి పన్నెండు బాగా తక్కువ ఉందని తేలింది, మాత్ర వేసుకుంటున్నాను. జివ్వుమనడం పూర్తిగా పోలేదు, ఎడమవైపు ఇంకా ఉంది. నీకు అబద్ధాలు రాయడం మానేశాను.

పన్నెండో తారీఖున వాయించాను. క్లారినెట్ పంటికి ఆనించేటప్పుడు కట్టిన మూల ఊడిపోతుందేమోనని నాలుకతో తడిమి చూసుకున్నాను. మొదటి నాలుగు వరసలు పాట వినలేదు, పంటినే విన్నాను. అది ఊడలేదు. తర్వాత పాట వినబడింది. తీసుకున్నారు నాన్నా. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తారట. ఆరు నెలలు భయపడటానికి మనిద్దరికీ మళ్లీ ఒక పని దొరికింది.

నీ ఉత్తరాలే నా పళ్ల మీద పడ్డాయని రాశావు. అది చదివి నాకు ఏడుపొచ్చింది, తర్వాత నీ మీద కోపమొచ్చింది. నువ్వు చెప్పినదాన్ని గుడ్డిగా పట్టుకున్నది నేను. జివ్వుమన్నరోజే నీకు నిజం రాసి ఉంటే రెండు నెలల అరుగుదల తప్పేది. దొంగ అచ్చు పంపాను, అదే మనల్ని బయటపడేసింది. ఫ్లూట్ పిల్ల తన పళ్లని నీ అరలో పెడతావా అని అడుగుతోంది. పెట్టు. నా పంతొమ్మిదో అచ్చు పక్కన పెట్టు.

నువ్వు చూడలేని నోరు నాదని రాశావు. అది నాకూ తెలుసు కాబట్టే దాచాను. ఇకమీదట దాచను. పుట్టినరోజుకి ముద్దలు పంపు, నేనే కొరుకుతాను.

ఆ గంట ఎలా గడపాలో తెలియడం లేదన్నావు. నాకూ మొదట్లో అలాగే ఉండేది, చేతులు కట్టేసినట్టుండేది. ఇప్పుడొక దారి దొరికింది. అక్కడ నువ్వు తిన్నాక, ఇక్కడ నేను తిన్నాక, ఇద్దరం కాగితం తీద్దాం. ఇన్నేళ్లూ ప్రతి ఉత్తరమూ సగంలో ఆపి తోముకోవడానికి పరుగెత్తాను, నువ్వు గమనించావా? అమ్మ గురించి, నా గది గురించి, ఇక్కడి వీధి గురించి నీకు ఎప్పుడూ రాయలేదు. అమ్మ సెట్టు తీసేటప్పుడు కళ్లు మూసుకునేదాన్నని మొన్న రాశాను కదా. అది అమ్మకి చదివి వినిపించు. ఈసారి వచ్చినప్పుడు చూస్తానని చెప్పు.

ఇందాక రెండు నారింజలు తిని నీళ్లు పుక్కిలించి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. గంట దాటి పది నిమిషాలైంది. కానీ చెప్పవలసింది ఇంకా ఉంది, బ్రష్ ఆగుతుందిలే. మా రిహార్సల్ గది కిటికీ గురించి చెబుతాను, విను.